వేపపుల్ల మీద రొట్టె: పాతకాలపు స్కౌటింగ్ సైట్లు వాడి చూశాక

“ఎయిడ్స్ అవగాహన సదస్సాండి టీచర్ గారూ?” అని అడిగాడు జిరాక్స్ షాపు కుర్రాడు. ప్రింటరులోంచి అప్పుడే బయటికొచ్చిన మొదటి పేజీ మీద ‘ఎయిడ్స్ టు స్కౌట్‌మాస్టర్‌షిప్’ అని పెద్దక్షరాల్లో ఉంది మరి. అది రోగం కాదు నాయనా, స్కౌట్ మాస్టర్లకు సాయం అని అర్థం, వందేళ్ల కిందటి పుస్తకం అని చెప్పాను. “వందేళ్లా! సిలబస్ మారిపోయుంటుందిగా” అన్నాడు పేజీలు సర్దుతూనే.

మారిందో లేదో తేల్చుకోవడానికే రెండేళ్లుగా ఇంటర్నెట్‌లో ఉన్న ఈ పాత స్కౌటింగ్ సరుకంతా తిరగేస్తున్నాను. నాలాగా బడిలో స్కౌట్స్, గైడ్స్ (అబ్బాయిలైతే స్కౌట్స్, అమ్మాయిలైతే గైడ్స్) పని మెడకు పడినవాళ్లు చాలామంది ఉంటారు. ఏది పనికొచ్చింది, ఏది దండగ, ఎక్కడ బోల్తా పడ్డాను అన్నీ రాసేస్తున్నాను.

నేను కాకినాడ జిల్లా మెట్టలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఆరేళ్ల కిందట మా పాత గైడ్ కెప్టెన్ గారు రిటైరయ్యారు. హెచ్‌ఎమ్ గారు స్టాఫ్ రూమంతా ఒకసారి కలియజూసి, కొంగు దోపుకుని బెంచీలు సర్దుతున్న నన్ను పట్టుకుని “మీరైతే చేస్తారండి” అన్నారు. ఏడు రోజుల బేసిక్ కోర్సుకి వెళ్లి స్కార్ఫు, విజిలు, నిండా రాసిన నోట్సు పట్టుకుని తిరిగొచ్చాను. ఆగస్టు 15కి మార్చ్ పాస్టు చేయించాను. జనవరి 26కి చేయించాను. ఊళ్లో తీర్థం జరిగితే పిల్లల్ని మంచినీళ్ల దగ్గర నిలబెట్టాను. మరి మిగతా శనివారాలు? 24 మంది ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని వరసగా నిలబడి “ఇప్పుడేం చేయాలి టీచర్?” అన్నట్టు చూస్తారు. నా దగ్గర అయిదు ముడులున్నాయి. వాటినే తిప్పి తిప్పి కట్టించేదాన్ని.

ఆ వెతుకులాటలోనే ‘ట్రెడిషనల్ స్కౌటింగ్’ అనే మాట తగిలింది. అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. 1966లో బ్రిటన్ స్కౌట్ సంస్థ ఒక పెద్ద నివేదిక తయారుచేసి యూనిఫాం దగ్గర్నుంచి పరీక్షల దాకా చాలా మార్చేసింది. నిక్కర్లు పోయి ప్యాంట్లు వచ్చాయి. అది నచ్చనివాళ్లు 1970లో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్ పేరుతోనే వేరే సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలు తర్వాత మిగతా దేశాల్లోనూ వచ్చాయి. 1996లో అలాంటివి కొన్ని కలిసి ఒక ప్రపంచ సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆయన రాసినట్టే చేద్దాం, అడవిలో చేద్దాం, పిల్లల చేత చేయిద్దాం అన్నది వీళ్ల పట్టు. ఆ పట్టు ఉన్నవాళ్లే పాత పుస్తకాలు వెతికి, టైపు చేసి, ఉచితంగా నెట్‌లో పెట్టారు. ఇందులో దొంగతనమేమీ లేదు. బేడెన్ పావెల్ 1941 జనవరి 8న కెన్యాలో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. 2002 నుంచి ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు తెరవాల్సింది ‘ది డంప్’ అనే సైటు. మన పేపర్లలో డంప్ అంటే ఎర్రచందనమో, ఏజెన్సీలో పాతిపెట్టిన తుపాకులో బయటపడాలి. ఇక్కడ బయటపడేవి పాత స్కౌట్ పుస్తకాలు. రంగులూ హంగులూ ఏమీ లేవు. పేర్ల పట్టీ ఉంటుంది, నొక్కితే పీడీఎఫ్ దిగుతుంది. అంతే. నాలాంటి వాళ్లకి అదే హాయి. రిజిస్టర్ అవ్వండి, ఓటీపీ కొట్టండి అన్న గొడవ లేదు. స్కాన్ చేసిన మసక పేజీలు కావు, మళ్లీ టైపు చేసినవి కాబట్టి జిరాక్స్ షాపులో శుభ్రంగా వస్తాయి.

అక్కడ నేను ముందు దించుకున్నది జిరాక్స్ కుర్రాణ్ని కంగారు పెట్టిన ఆ పుస్తకమే. లండన్ పక్కన గిల్వెల్ పార్కులో స్కౌట్ మాస్టర్లకు శిక్షణ మొదలైన రోజుల్లో, 1919 ప్రాంతంలో బేడెన్ పావెల్ రాసింది. లీడర్ల కోసం రాసిన పుస్తకాలంటే నాకు భయం. లక్ష్యాలు, ఉద్దేశాలు, ఉపసంహారం అంటూ బీఈడీ నోట్సులా ఉంటాయేమో అనుకున్నాను. ఇది అలా లేదు. ఒక ట్రూపులో, అంటే ఒక స్కౌట్ దళంలో, 32 మందికి మించి వద్దంటాడాయన. కారణం ఏం చెప్పాడో చూడండి. తాను స్వయంగా చెప్పినప్పుడు 16 మందిని మాత్రమే సరిగ్గా చూసుకోగలిగాడట. మిగతావాళ్లు తనకంటే రెండింతలు సమర్థులై ఉంటారు కాబట్టి 32 అట! సైన్యంలో అంత పెద్ద హోదా చూసిన మనిషి తన మీద తానే జోకు వేసుకున్నాడు. అక్కడి నుంచి నాకు ఆ పుస్తకం మీద గురి కుదిరింది.

ఆ పీడీఎఫ్‌ల ముందు ఒక చిన్న గమనిక ఉంటుంది. ఇవి పాతకాలపు రాతలు, ఇప్పుడు అభ్యంతరకరంగా అనిపించే మాటలుంటాయి, చరిత్ర కోసం మార్చకుండా ఉంచాం, బాధ కలిగితే ఫైలు తీసేయండి అని. ఆ గమనిక ఊరికే పెట్టలేదు. బేడెన్ పావెలే 1908లో రాసిన ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’లో సామ్రాజ్యం గొప్పలు పేజీ పేజీకీ తగులుతాయి. ఆఫ్రికా వాళ్ల గురించి వాడిన మాటలు పిల్లల ముందు చదవలేం. మన సంగతే చూడండి. 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైతే అది దొరల పిల్లలకి, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకి. మన పిల్లల్ని చేర్చుకోలేదు. అందుకే 1916లో మద్రాసులో అనీబిసెంట్ గారు మన పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ వాళ్లు సేవాసమితి స్కౌట్లని తయారుచేశారు. ఇవన్నీ ఒకటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడింది స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న. ఈ కథ ఆ పాత పుస్తకాల్లో ఎలాగూ ఉండదు, మనమే చెప్పాలి. నేను మొదటి మీటింగులోనే చెప్పేస్తాను. “మనల్ని రానివ్వని ఆట మనమెందుకు ఆడాలి టీచర్?” అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. క్రికెట్టూ అంతేగా అన్నాను. ఒప్పుకుందో లేదో తెలీదు గానీ మరుసటి శనివారం వచ్చింది.

ఇంగ్లిషు కష్టంగా ఉందని బ్రౌజరులో తెలుగు అనువాదం నొక్కేవాళ్లకి ఒక హెచ్చరిక. ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’లో అధ్యాయాల్ని ‘క్యాంప్ ఫైర్ యార్న్’ అంటారు. చలిమంట దగ్గర చెప్పుకునే కబుర్లని దాని భావం. మెషీన్ దాన్ని ‘క్యాంప్‌ఫైర్ నూలు’ చేసింది. మొదటి నూలు, రెండో నూలు అని వరసగా వస్తుంటే చేనేత సొసైటీ పుస్తకం తెరిచానేమో అనిపించింది. ‘పెట్రోల్ లీడర్’ కాస్తా గస్తీ నాయకుడైపోయాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిషులోనే చదువుకోవడం నయం. వాక్యాలు చిన్నవే.

పెట్రోల్ అన్నాను కదా, అసలు సంగతి అక్కడే ఉంది. ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు ఒక జట్టు. వాళ్లలోంచే ఒక లీడర్. మాకూ ఉన్నాయి, మందార, సన్నజాజి, చామంతి, బంతి అని నాలుగు పెట్రోళ్లు. (“నాలుగు పెట్రోళ్లకి నూనె ఖర్చు” అని నేను రాసిన చీటీ చూసి మా క్లర్కు గారు మోటారు సైకిల్ ఖర్చనుకుని పక్కన పడేశారు. అది వేరే కథ.) ఇన్నేళ్లూ నేను చేసిందేమిటంటే, వరసలో ముందు నిలబడే పిల్లని పెట్రోల్ లీడర్ అనడం. విజిలు నాది, మాట నాది, నిర్ణయం నాది.

‘ఇంక్వైరీ నెట్’ అనే ఇంకో సైటు ఉంది. పాత పద్ధతి స్కౌటింగ్ మీద, ముఖ్యంగా ఈ పెట్రోల్ పద్ధతి మీద బోలెడంత పోగేశారు. ఆటలు, ముడులు, అడవి విద్యలు అన్నీ ఉన్నాయి. సైటు ఒక పాత బీరువా లాంటిది. ఒక అర తెరిస్తే ఇంకో మూడు అరలు కనిపిస్తాయి, కావాల్సింది మాత్రం నాలుగో దాంట్లో ఉంటుంది. గంటసేపు తిరిగి ఏం కోసం వచ్చానో మర్చిపోయిన రోజులున్నాయి. కానీ అక్కడ నాకు చురుక్కుమన్నది ఒక్కటే, దూరం. క్యాంపులో పెట్రోళ్ల గుడారాలు ఒకదాని పక్కన ఒకటి కాకుండా యాభై నుంచి వంద గజాల ఎడంలో ఉండాలన్నది బేడెన్ పావెల్ మాట. ఆ సైటు ఆ దూరాన్ని అసలు వదిలిపెట్టదు. ఎందుకంత పట్టుదల అనుకున్నాను. చేసి చూస్తే గానీ తెలియలేదు.

పోయిన డిసెంబరులో బళ్లోనే ఒక రాత్రి క్యాంపు పెట్టాం. ఆడపిల్లలు కాబట్టి పడక తరగతి గదుల్లోనే. తోడుగా ఇద్దరు లేడీ టీచర్లు, ప్రతి ఇంటి నుంచీ సంతకం. వంట మాత్రం మైదానంలో. అంతకుముందు ఏడాది నాలుగు పొయ్యిలూ ఒకే వరసలో పెట్టించి, నేను మధ్యలో కుర్చీ వేసుకుని గరిటె గరిటెకీ సలహా చెప్పాను. ఈసారి మందార వాళ్లని బాదం చెట్టు కింద, సన్నజాజిని బోరింగు దగ్గర, చామంతిని కబడ్డీ కోర్టు అవతల, బంతిని వెనక ప్రహరీ మూల పెట్టాను. నేను వరండాలో కూర్చున్నాను. అక్కడి నుంచి పొగలు కనిపిస్తాయి గానీ గిన్నెలో ఏముందో కనిపించదు.

పది నిమిషాలకి చామంతి లీడర్ పరిగెత్తుకొచ్చింది. “టీచర్, ఉప్పు మర్చిపోయాం.” నా బ్యాగులో ఉప్పు ప్యాకెట్టు ఉంది. చెయ్యి దానిమీదకి వెళ్లింది కూడా. మిగతా పెట్రోల్ లీడర్లని అడగమ్మా అన్నాను. మందార వాళ్లు ఉప్పు ఇస్తామన్నారట, రెండు ఉల్లిపాయలు బదులివ్వాలట. చామంతి వాళ్లకి ఉన్నవే మూడు. ఆ పిల్ల కబడ్డీ కోర్టుకి అడ్డంగా మళ్లీ నడిచి వెళ్లి, తన జట్టుతో గుసగుసలాడి, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు పట్టుకుని బాదం చెట్టు దగ్గరికి పోయింది. బేరం కుదిరింది. పక్కపక్కనే ఉంటే ఎవరో ఒకరు చేయి చాపి తీసేసుకునేవారు, లేదా నేను ఇచ్చేసేదాన్ని. దూరం ఉంది కాబట్టి ఆ పిల్ల లీడర్ అయ్యింది. పప్పుచారులో పచ్చిమిరపకాయలు తగ్గాయి, అది వేరే సంగతి.

ఇంత ఉపయోగపడిన పుస్తకాలే నన్ను నవ్వులపాలు కూడా చేశాయి. వీటిని రాసినవాళ్ల నెత్తిన ఉన్నది ఇంగ్లండు ఆకాశం, కాళ్ల కింద ఉన్నది ఇంగ్లండు అడవి. అది మర్చిపోయి దిగితే ఇంతే సంగతులు.

చేతి గడియారంతో దిక్కులు కనుక్కునే ఉపాయం అన్ని పాత పుస్తకాల్లోనూ ఉంటుంది. చిన్న ముల్లుని సూర్యుడి వైపు తిప్పి, ఆ ముల్లుకీ పన్నెండు అంకెకీ మధ్య గీత గీస్తే దక్షిణం. జులైలో ఒక ఉదయం పది గంటలకి హెచ్‌ఎమ్ గారి గడియారం అరువు తెచ్చి (పిల్లల దగ్గర ముల్లులున్న గడియారాలు ఎక్కడివి) చేయించాను. మా బడి గేటు తూర్పు ముఖం. ఆ గీత ఇంచుమించు గేటు వైపే పోయింది. “అయితే మన గేటు దక్షిణమా టీచర్?” అని అందరూ గొల్లుమన్నారు. వాస్తు సిద్ధాంతి ఎవరైనా విని ఉంటే గేటు మార్పించి ఉండేవాడు.

ఇంటికెళ్లి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఇంగ్లండులో సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపు వాలే ఉంటాడు. మనది 17 డిగ్రీల అక్షాంశం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఇంక గడియారం ఏం చెబుతుంది పాపం. అదే డిసెంబరులో చేస్తే చాలావరకు సరిపోయింది. పైగా మన భారత కాలమానం లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి మాకు గడియారం సవరించే పని కూడా లేదు. గుజరాత్‌లో ఉన్నవాళ్లయితే ముల్లు సరిచేసుకోవాలి. ఇది నేను చూసిన ఏ సైటులోనూ లేదు, రాసుకోండి.

ధ్రువ నక్షత్రమూ అంతే. బొమ్మల్లో ఎక్కడో పైన మెరుస్తుంటుంది. లండన్‌లో 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది మరి. మనకి 17 డిగ్రీలే. చేయి చాపి పిడికిలి బిగిస్తే ఒక పిడికిలి పది డిగ్రీలనుకోండి. నేల మీంచి రెండు పిడికిళ్లు కూడా ఉండదు. మా బళ్లో అది వాటర్ ట్యాంకు వెనక్కి పోయింది. డిసెంబరులో పొద్దుపోయాక చూస్తే సప్తర్షి మండలం ఇంకా ఉదయించదు. అప్పుడు 1908 పుస్తకంలోనే ఉన్న రెండో ఉపాయం ఆదుకుంది. ఒరాయన్ నడుం బెల్టు మధ్య చుక్క నుంచి తలలోని చిన్న చుక్కల మీదుగా గీత గీసుకుంటూ పైకి పోతే ఉత్తరం దొరుకుతుంది. ఒరాయన్ అంటే పిల్లలు తెల్లమొహం వేశారు. బెల్టు మూడు చుక్కలు చూపించగానే “అవి గొర్రుకొయ్యలు కదండీ, మా తాత చెబుతాడు” అంది బంతి పెట్రోల్ పిల్ల. దాని పక్కన పిల్లలకోడి కూడా చూపించింది. బయాలజీ టీచర్ని, నాకు ఆ పేర్లు తెలియవు. పుస్తకంలో ఒరాయన్ అన్నచోట అప్పుడే పెన్నుతో గొర్రుకొయ్యలు అని రాసేశాను.

ఇక రొట్టె. పిండిని తాడులా పేనుకుని కర్రకి చుట్టి, మంట పక్కన నేలలో గుచ్చి కాల్చే రొట్టె స్కౌట్లలో బాగా ప్రసిద్ధి. కర్ర బెరడు తీసి, ముందు కాస్త వేడిచేసుకోమంటాడు బేడెన్ పావెల్. అంతా అక్షరాలా చేశాం. చపాతీ పిండి, సమానమైన పుల్లలు, బెరడు గీకేశాం, వేడిచేశాం. బంగారు రంగులో కాలింది. సన్నజాజి లీడర్ మొదటి ముక్క కొరికి మొహం వికారంగా పెట్టింది. పుల్లలు వేపవి! ఏ కర్ర వాడకూడదో ఇంగ్లండు పుస్తకానికి తెలియకపోవచ్చు, పొద్దున్నే పళ్లు తోముకునే పుల్లతో రొట్టె కాల్చకూడదని బయాలజీ టీచర్‌కి తెలియొద్దూ? తర్వాత చింత కొమ్మలతో చేశాం. బాగానే కుదిరింది. గన్నేరు దగ్గరికి మాత్రం పోకండి, అది విషం.

కిమ్స్ గేమ్ ఒక్కటి మాత్రం ఏ ఆకాశం కిందైనా ఆడుకోవచ్చు. పళ్లెంలో పాతిక దాకా వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పేసి, గుర్తున్నవి రాయమనడం. బొత్తాలు, పెన్సిళ్లు అని పుస్తకంలో ఉంటుంది. నేను 24 రకాల గింజలు పెట్టాను. చింత, కానుగ, ఆముదం, సీతాఫలం, గురివింద, గచ్చకాయ, ఇప్ప, ముష్టి ఇలాగ. నిమిషం తర్వాత గుడ్డ కప్పాను. ఎక్కువ రాసిన పిల్ల 21 రాసింది. నా జవాబు పట్టీలో ఒకటి తప్పని చెప్పింది కూడా. ఒలిచి చూస్తే నిజమే.

ముడులకి ‘యానిమేటెడ్ నాట్స్’ సైటుని మించింది లేదు. తాడు ఒక్కో అడుగు కదులుతూ కనిపిస్తుంది, కావాల్సిన చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. వీడియోల్లో మాస్టారి వేళ్లు అడ్డొస్తాయి, ఇక్కడ ఆ బాధ లేదు. సైటు ఉచితం, ఫోన్‌లో యాప్ కావాలంటే డబ్బు కట్టాలి. నేను సైటుతోనే సరిపెట్టుకున్నాను. క్లోవ్ హిచ్ చూపిస్తుంటే పాడి ఉన్న ఇంటి పిల్ల “ఇదా, దూడని గుంజకి కట్టేది” అని నాకంటే ముందు కట్టేసింది. రీఫ్ నాట్ మాత్రం అందరూ తప్పు కట్టారు, రెండుసార్లూ ఒకే వైపు తిప్పి. ఆ తేడా ఆ బొమ్మల్లో చూశాకే నాకూ కళ్లకి కట్టింది.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గుటెన్‌బర్గ్‌లో 1911 నాటి అమెరికా స్కౌట్ల మొదటి హ్యాండ్‌బుక్ ఉంది, ఫోన్‌లో తేలిగ్గా చదువుకోవచ్చు. చెట్లు, పిట్టలు అన్నీ అమెరికావే. ఆర్కైవ్‌లో పాత పుస్తకాల అసలు పేజీలు చూడొచ్చు. బేడెన్ పావెల్ తన చేత్తో గీసిన బొమ్మలు చూడాలంటే అక్కడికే వెళ్లాలి. రెండు చేతులతోనూ గీసేవాడట ఆయన. ఫైళ్లు బరువు, డేటా చూసుకుని దించుకోండి.

డబ్బు పెట్టి కొన్నది ఒక్కటుంది, పేరు చెప్పను. ‘యూత్ లీడర్ సర్టిఫికెట్ కోర్సు’ అని ప్రకటన చూసి 1,499 రూపాయలు కట్టాను. నలభై నిమిషాల వీడియో. అందులో సగం నాయకత్వం అంటే ఏమిటన్న స్లైడ్లు. చివర పది ప్రశ్నలు, తప్పు రాసినా పాస్. సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది, నా ఇంటిపేరు తప్పు పడింది. సరిచేయమని మూడు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఆ డబ్బుతో ఎయిడ్స్ పుస్తకం ఎన్ని కాపీలు తీయించొచ్చో లెక్కేసుకుని కాసేపు బాధపడ్డాను.

ఆడపిల్లల టీచరుగా ఒక కంప్లైంటు. ఈ పాత సైట్లన్నీ మగపిల్లల మయం. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ర్యాలీకి పిలవకుండానే ఆడపిల్లలు స్కౌట్ టోపీలు పెట్టుకుని వచ్చేశారు. వాళ్లని పంపించేయలేక మరుసటి ఏడాది గైడ్స్ మొదలుపెట్టి, బేడెన్ పావెల్ తన చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించారు. 1918లో ఆయన గైడ్ల కోసం విడిగా పుస్తకం రాశారు. చదివాను. ఇంటి పని, పిల్లల పెంపకం పాలు ఎక్కువయ్యాయి. నేనైతే దాన్ని పక్కన పెట్టి అబ్బాయిల పుస్తకమే మా పిల్లలకి చెబుతున్నాను. ‘బాయ్స్’ అన్నచోట ‘పిల్లలు’ అనుకుంటే సరిపోతుంది.

ఇంకో లోటు చిన్నది కాదు. పిల్లల భద్రత గురించి పాత పుస్తకాల నుంచి ఏమీ ఆశించకండి. పెద్దవాళ్లు ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు, ఫొటోలు ఎవరికి పంపాలి, పిల్ల వచ్చి ఏదైనా చెప్పుకుంటే ఏం చేయాలి అన్నవి ఇప్పటి సంస్థల దగ్గరే నేర్చుకోవాలి. ప్రపంచ స్కౌట్ సంస్థ ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’ పేరుతో ఆన్‌లైన్ పాఠం పెట్టింది. పాత పద్ధతి మీద ఎంత మోజున్నా ముందు అది పూర్తిచేయండి. మన సోపాన్ పరీక్షల (మన స్కౌట్లు, గైడ్లు ఒక్కో మెట్టూ ఎక్కే పరీక్షలు) సిలబస్ కూడా పాత పుస్తకాల్లో దొరకదు. బ్యాడ్జీలు కావాలంటే మన సిలబస్సే. శనివారం సాయంత్రం గడవాలంటే డంప్.

నా మార్కులు అడిగితే డంప్‌కి పదికి ఎనిమిది. ఇంక్వైరీ నెట్‌కి ఏడు, ఓపిక ఉన్నవాళ్లకి ఎనిమిది. ముడుల సైటుకి తొమ్మిదిన్నర, అర మార్కు తెలుగు లేనందుకు కోశాను. కొత్తగా పని నెత్తిన పడినవాళ్లు అన్నీ దించుకుని కూర్చోకండి. ఎయిడ్స్ పుస్తకంలో పెట్రోల్ పద్ధతి గురించి ఉన్న పేజీలు ముందు ప్రింటు తీసుకోండి. ఓపిక మిగిలితే రోలండ్ ఫిలిప్స్ 1914లో రాసిన ‘ది పెట్రోల్ సిస్టమ్’ చదవండి. చిన్న పుస్తకం. రాసిన రెండేళ్లకే, 26 ఏళ్ల వయసులో ఆయన సోమ్ యుద్ధంలో చనిపోయాడు. పిల్లల మీద అంత నమ్మకం ఉన్న మనిషి ఇంకొన్నాళ్లు ఉండుంటే ఇంకేం రాసేవాడో.

ఆ పేజీల్లోనే ‘కోర్ట్ ఆఫ్ హానర్’ ఉంటుంది. పెట్రోల్ లీడర్లు కూర్చుని కంపెనీ (మొత్తం గైడ్ల దళం) వ్యవహారాలు తేల్చుకునే సభ. నాలాంటి పెద్దవాళ్లు హాజరవ్వాలి గానీ ఓటు ఉండకూడదు. బేసిక్ కోర్సులో నాకూ చెప్పారు, నోట్సూ రాసుకున్నాను, ఆరేళ్లలో ఒక్కసారీ పెట్టలేదు. క్యాంపు మర్నాడు పొద్దున్న బాదం చెట్టు కింద మొదటిసారి పెట్టాను. నలుగురు లీడర్లు, నేను. మొదటి పావుగంట వాళ్లు నా మొహం చూస్తూ కూర్చున్నారు, నేను చెట్టుకేసి చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఉప్పు గొడవ వచ్చింది. ఉప్పు, నూనె, అగ్గిపెట్టె ఎవరు అడిగినా బదులు లేకుండా ఇవ్వాలని మూడు ఓట్లతో తేల్చారు. మందార లీడర్ ఒప్పుకోలేదు. చామంతి పిల్ల మినిట్స్ పుస్తకంలో వరసగా రాస్తోంది. చివర్లో ఇంకేదో గుసగుసలాడుకుని, నవ్వాపుకుంటూ ఇంకో తీర్మానం రాసి నా చేతికిచ్చారు. గుండ్రటి అక్షరాల్లో ఉంది: “వచ్చే క్యాంపు నుండి టీచర్ గారు కూడా తన కంచం తానే కడుక్కోవాలి.”

సంతకం పెట్టాను. ఫిబ్రవరిలో ఇంకో క్యాంపు అయింది. బోరింగు దగ్గర లైన్లో నిలబడి కడుక్కున్నాను.